నాన్న రైఫిల్: బాగుచేయించాలా, భాగాలు మార్చాలా?

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబితే సంగతి ఇది. వాళ్ల నాన్నగారు 1978లో కొన్న .308 కాలిబర్ బోల్టు రైఫిల్ (తూటా వెనుక గడియలా చేత్తో మూసే భాగమే బోల్టు), ఆయన పోయాక లైసెన్సు పేరు మార్పించుకుని ఈయన చేతికి వచ్చింది. నాన్నగారు ఏడాదికి రెండు మూడు పెట్టెల తూటాలకు మించి కాల్చేవారు కాదు. ఈయన మాత్రం రెండేళ్లుగా షూటింగ్ క్లబ్బులో వంద మీటర్ల లక్ష్యం మీద శ్రద్ధగా సాధన చేస్తున్నారు, వెయ్యి తూటాల దాకా కాల్చారు. మొదట్లో అయిదు గుండ్లూ మూడు సెంటీమీటర్ల వలయంలో పడేవి. ఇప్పుడు తొమ్మిది సెంటీమీటర్ల మేర చెదురుతున్నాయి. అప్పుడప్పుడు ట్రిగ్గర్ నొక్కితే టక్కుమనే శబ్దం తప్ప తూటా పేలదు. బోల్టు హ్యాండిల్ ఎత్తి దించి మళ్లీ కొడితే పేలుతుంది. ట్రిగ్గర్ ఒక్కోసారి వేలు ఆనించగానే జారిపోతోంది. భుజానికి ఆనించే చెక్క స్టాక్ మీద, లోహభాగం తోక చెక్కలోకి దిగేచోట, వెంట్రుకంత పగులు కనిపించింది. పేలిన తూటాల ఇత్తడి తొడుగుల మీద, అడుగుకు కాస్త పైన, చుట్టూ తళతళలాడే గీత పడుతోంది.

ఇక సలహాలు. తుపాకులు బాగుచేసే నిపుణుడు గొట్టంలోకి ఒకసారి వెలుతురు వేసి చూసి, "బారెల్, బోల్టు రెండూ పోయాయి, ఆ డబ్బుతో కొత్తదే వస్తుంది" అన్నారట. క్లబ్బులోని పెద్దాయన ఒకరు "ట్రిగ్గర్ నాకు వదిలేయండి, ఆకురాయితో పది నిమిషాల పని" అన్నారు. అన్నయ్య "నాన్న చేయి పడ్డ వస్తువు, ఒక్క స్క్రూ కూడా మార్చడానికి వీల్లేదు" అని పట్టుబట్టారు. ముగ్గురి మాటా విని ఏమీ తోచక, "మార్చుకుంటూ పోతే చివరికి అది నాన్న రైఫిలేనా?" అని అడిగారు.

మీకు నా జవాబు.

ముందుగా ఒక మాట. మిగతావన్నీ మీ ఇష్టానికి వదిలేస్తాను గానీ ఇది మాత్రం కాదు. ఆ గీత సంగతి, ట్రిగ్గర్ సంగతి తేలేవరకూ ఆ రైఫిల్‌తో ఒక్క తూటా కూడా కాల్చకండి. వచ్చే వారం పోటీ ఉందని రాశారు. క్లబ్బు రైఫిల్ అడిగి తీసుకోండి, లేదా ఈసారికి మానుకోండి.

అరిగిన భాగం గురించి ఎవరు అడిగినా నేను మొదట చూసేది, అది పని చెడితే ఏమవుతుందని. గొట్టం అరిగితే గుండు గురి తప్పుతుంది, పోటీలో పాయింట్లు పోతాయి, అంతే. తూటా అడుగు తెగితే పోయేది మీ కన్ను. ట్రిగ్గర్ తనంతట తాను జారితే పోయేది పక్కవాడి ప్రాణం. మొదటి రకం లోపాలకు తీరిక ఉంటుంది. ఆలోచించుకోవచ్చు, డబ్బు కూడబెట్టుకోవచ్చు, అసలు పట్టించుకోకుండా ఉండనూ వచ్చు. రెండో రకానికి ఆ వెసులుబాటు లేదు. మీ ఉత్తరంలో రెండు రకాలూ కలగాపులగంగా ఉన్నాయి. మీరు ఎక్కువ బాధపడుతున్నది మొదటి రకం గురించి. గురి చెదరడం మీద ఒకటిన్నర పేజీ రాశారు, గీత మీద రెండు వాక్యాలు.

కాబట్టి గీతతోనే మొదలుపెడతాను. బోల్టు మూసినప్పుడు బోల్టు ముఖానికీ, తూటాను ముందుకు పోకుండా ఆపే ఛాంబర్ (తూటా కూర్చునే గది) భుజానికీ మధ్య ఉండే దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అది ఎక్కువైతే తూటా లోపల కాస్త వదులుగా కూర్చుంటుంది. పేలినప్పుడు తొడుగు ముందు భాగం ఛాంబర్ గోడలకు కరుచుకుపోతుంది, అడుగు మాత్రం వెనక్కి జరిగి బోల్టుకు గుద్దుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఇత్తడి సాగి పలచబడుతుంది. మీరు చూసిన తళతళ గీత ఆ సాగుడుది కావచ్చు. ఇంకా సాగితే ఒకనాడు అక్కడ తెగుతుంది. .308 తూటాలో పీడనం వాతావరణ పీడనానికి నాలుగు వేల రెట్లు దాటుతుంది. ఆ వాయువు బోల్టు పక్కనుంచి వెనక్కి తన్నితే అక్కడ ఉండేది మీ ముఖం.

"కావచ్చు" అన్నాను, ఎందుకంటే మీ మూడో పేజీలో ఒక వాక్యం దాదాపు నా కన్నుగప్పబోయింది. ఆరు నెలలుగా ఖర్చు తగ్గుతుందని పేలిన తొడుగులనే తిరిగి నింపించుకుని వాడుతున్నానన్నారు. అలా నింపేటప్పుడు తొడుగును అచ్చులో నొక్కి పాత కొలతకు తెస్తారు. తొడుగు భుజాన్ని, అంటే మూతి కింద సన్నబడే వంపును, అవసరానికి మించి వెనక్కి నొక్కేస్తే, రైఫిల్ ఎంత కొత్తదైనా తూటా వదులుగానే కూర్చుంటుంది, ఇత్తడి సాగుతూనే ఉంటుంది. అప్పుడు తప్పు అచ్చు అమరికది, బోల్టుది కాదు. పైగా అచ్చు ఎక్కడిదాకా నొక్కిందో ఆ అంచున కూడా ఒక గీత పడుతుంది, దానివల్ల ఏ హానీ లేదు. రెండింటినీ విడదీయడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. సన్నటి ఉక్కు తీగ కొనను లంబంగా వంచి, మొన తేల్చి, ఖాళీ తొడుగు మూతిలోంచి లోపలికి దించి, గోడకు ఆనించి అడుగునుంచి పైకి మెల్లగా లాగండి. నున్నగా వస్తే పైన కనిపించేది ఒట్టి గీతే. గీతకు ఎదురుగా లోపల మొన చిన్న గుంటలో దిగినట్లు తగులుకుంటే ఇత్తడి నిజంగా పలచబడింది. ఆ విడత తొడుగులన్నీ నలిపి పారేయండి. తిరిగి నింపకుండా, ఫ్యాక్టరీ తూటాలుగా ఒక్కసారే పేలిన పాత తొడుగులేవైనా ఇంట్లో మిగిలి ఉంటే వాటినీ ఇలాగే చూడండి. వాటిలోనూ మొన తగులుకుంటే అనుమానం రైఫిల్ మీదికి బలంగా మళ్లుతుంది.

తీగ చెప్పేది అనుమానం వరకే. తీర్పు చెప్పేది గేజ్. గో, నో-గో, ఫీల్డ్ అని, తూటాకు బదులు ఛాంబర్‌లో పెట్టి చూసే మూడు ఉక్కు గేజ్‌లు ఉంటాయి. గో మీద బోల్టు మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. ఫీల్డ్ మీద కూడా మూసుకుందంటే ఆ రైఫిల్‌ను పక్కన పెట్టవలసిందే. .308లో గోకూ నో-గోకూ తేడా అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు, అంటే దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. ఈ తేడాను గొట్టంలోకి వెలుతురు వేసి ఎవరూ చూడలేరు. మీ నిపుణుడు గేజ్ పెట్టినట్టు మీరు రాయలేదు. పెట్టకుండానే బోల్టు పోయిందన్నారంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మళ్లీ వెళ్లి, ఏ గేజ్ పెట్టారు, బోల్టులోంచి ఖాళీ తొడుగును లాగి బయటికి విసిరే ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్ తీసి పెట్టారా, ఎంత వచ్చింది అని మర్యాదగా అడగండి. ఈ ప్రశ్నకు విసుక్కునే మనిషి దగ్గర పని చేయించవద్దు. ఆయనను దొంగ అనడం లేదు. పాత మోడల్‌కు విడిభాగాలు దొరకవు, కొలతలకు గంటలు పడతాయి, రేపు ఏదైనా జరిగితే నింద ఆయన మీదికే వస్తుంది. "కొత్తది కొనండి" అనడం ఆయనకు క్షేమం. మీకు కూడా అదే క్షేమమా అన్నది వేరే సంగతి.

తూటా పేలకపోవడం కూడా ఇదే ముడిలో చిక్కుకుని ఉండవచ్చు. ఇలాంటప్పుడు అందరూ చెప్పే మందు, తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్ స్ప్రింగు మార్చమని. స్ప్రింగు చవక వస్తువు, నలభై ఏళ్లు నొక్కుకుని ఉన్నది నీరసించడం సహజమే, మార్చినా తప్పు లేదు. కానీ దానికి ముందు బోల్టు విప్పించి లోపల చూడండి. ఏళ్ల తరబడి పోసిన నూనె జిగురై గట్టిపడి పిన్‌ను పట్టుకుని ఉంటుంది. చాలా రైఫిళ్లలో జబ్బు అంతటితో కుదురుతుంది. అలా కాకుండా హెడ్‌స్పేస్ ఎక్కువైతే, పిన్ కొట్టిన దెబ్బ సగం తూటాను ముందుకు నెట్టడానికే సరిపోతుంది, తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌కు తగిలేది మిగిలిన సగం. అప్పుడు గట్టి స్ప్రింగు వేయించుకుంటే తూటాలు బుద్ధిగా పేలతాయి, అసలు జబ్బు మాత్రం లోపల దాగి పెరుగుతుంది. అందుకే గేజ్ పరీక్ష ముగియకుండా స్ప్రింగు జోలికి పోవద్దంటున్నాను. ఇంకొకటి, పేలని తూటాను వెంటనే మళ్లీ కొట్టే అలవాటు మానండి. కొన్ని ఆలస్యంగా అంటుకుంటాయి. గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగి, ఆపైన బోల్టు తెరవండి.

ట్రిగ్గర్ విషయంలో పెద్దాయనకు చేతులు జోడించి నమస్కరించి, రైఫిల్‌ను ఆయనకు అందకుండా పెట్టండి. ట్రిగ్గర్ లోపల ఒకదానినొకటి పట్టుకుని నిలిచే అంచులను పైపైన గట్టిపరుస్తారు, లోపలి లోహం మెత్తగానే ఉంటుంది. ఆకురాయి మొదట తినేది ఆ గట్టి పొరనే. పని ముగిసిన రోజున ట్రిగ్గర్ వెన్నలా కదులుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆ తరువాత మెత్తటి లోహం చకచకా అరుగుతుంది, ఒకరోజు బోల్టు కాస్త గట్టిగా మూయగానే రైఫిల్ పేలుతుంది. కాబట్టి ఇక్కడ మీకు ఉన్న దారులు రెండే. లోపల ఎండిన నూనె, మట్టి వల్ల పట్టు దొరక్క జారుతుంటే విప్పి కడిగించడంతో సరిపోవచ్చు. అంచు గుండ్రబడితే ట్రిగ్గర్ అమరిక మొత్తాన్నీ ఒకే యూనిట్‌గా మార్చడం. కొన్ని పాత మోడళ్లకు ఇతర తయారీదారులు ఇప్పటికీ యూనిట్లు చేస్తున్నారు, మీ మోడల్‌కు ఉందేమో అడగండి. పాతదాన్ని సంచిలో కట్టి, తేదీ రాసి దాచుకోండి.

ఇప్పుడు మీ మనసులో ఉన్న గురి సంగతి. లెక్క వేద్దాం. పెట్టెకు ఇరవై తూటాల చొప్పున ఏడాదికి మూడు పెట్టెలు, నలభై ఏళ్లు అనుకున్నా నాన్నగారు కాల్చింది 2,400. మీ వెయ్యి కలిపితే 3,400. .308 గొట్టం నాలుగయిదు వేల తూటాల దాకా మంచి గురి ఇస్తుందని పోటీల్లో కాల్చేవాళ్లు లెక్కవేసుకుంటారు, అదీ గొట్టం కాగిపోయేలా వరసగా కాల్చేవాళ్ల లెక్క. ఈ లెక్కన మీ గొట్టం ముసలిదే గానీ మంచాన పడలేదు. రెండేళ్లలో మూడు నుంచి తొమ్మిదికి పడిపోవడం అరుగుదల లక్షణంలా లేదు. అరుగుదల మెల్లగా వస్తుంది. ఇంత త్వరగా చెడిందంటే ఏదో వదులైంది, లేదా ఏదో పేరుకుంది.

వదులైనది ఏదో మీరే రాశారు. స్టాక్‌లో పగులు! లోహభాగం తోక వెనుక చెక్క పగిలిందంటే, కాల్చినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని ముందున్న రీకాయిల్ లగ్ అనే లోహపు దిమ్మ చెక్కకు సరిగా అందించడం లేదు, లోహం జరిగి తోకతో చెక్కను చీలుస్తోంది. తూటా తూటాకూ స్టాక్‌లో అది వేరే చోట కూర్చుంటుంటే గుండ్లు చెదరక ఏమవుతాయి? పగులూ చెదరడమూ రెండు జబ్బులు కాకపోవచ్చు. ముందు స్టాక్ స్క్రూలు, టెలిస్కోపు బిగించిన స్క్రూలు చూడండి. ఆ తరువాత రాగి మడ్డి. గుండు పైతొడుగులోని రాగి, గొట్టం లోపలి గాడుల్లో పూతలా అంటుకుంటుంది, మామూలు నూనెతో పోదు, రాగిని కరిగించే ద్రావణం కావాలి. లోపలికి పంపిన గుడ్డ ముక్క నీలి ఆకుపచ్చగా వస్తున్నంతకాలం రాగి ఉన్నట్టే. అయితే కంచు బ్రష్షు వాడితే ఆ బ్రష్షే రంగు వదిలి మోసం చేస్తుంది, నైలాన్ బ్రష్షు వాడండి. చివరగా గొట్టం మూతి. దూది చుట్టిన పుల్లను లోపలినుంచి బయటికి అంచు మీదుగా లాగి చూడండి. ఒకచోట దూది పోగు చిక్కుకుంటే అంచు దెబ్బతింది. ఇనుప కడ్డీతో మూతి వైపునుంచి శుభ్రం చేసేవాళ్ల రైఫిళ్లలో ఇది మామూలే. కొన్ని మిల్లీమీటర్లు కోసి అంచును కొత్తగా తీర్చితే చాలు, గొట్టం మార్చనక్కర్లేదు.

ఇవన్నీ అయ్యాక కూడా గురి కుదరకపోతే, గొట్టం లోపలికి చూసే బోర్‌స్కోప్‌తో ఛాంబర్ ముందు భాగం చూపించుకోండి. నిజంగా అరిగిన గొట్టంలో అక్కడ ఎండిన చెరువు అడుగులా నెర్రెలు కనిపిస్తాయి. అది గుండు రాపిడి కన్నా వేడి వాయువు చేసే పని. నాన్నగారు పాత సైనిక నిల్వల తూటాలు వాడి ఉంటే గుంటలు కూడా ఉండవచ్చు. అలాంటి తూటాల్లో కొన్నింటి ప్రైమర్లు ఉప్పు వదులుతాయి, ఆ ఉప్పు గాలిలో తేమ లాక్కుని ఉక్కును తినేస్తుంది. దాన్ని నీళ్లతో కడిగితేనే పోతుంది. నూనె ఎంత రాసినా ఉప్పు కరగదు. గుంటలు పడ్డ గొట్టాలు కొన్ని ఆశ్చర్యంగా చక్కగానే కాలుస్తాయి కాబట్టి, కంటికి అసహ్యంగా ఉందని మార్చకండి, కాగితం మీద పడ్డ రంధ్రాలు చూసి నిర్ణయించండి.

గేజ్ చెడ్డ వార్తే చెప్పిందనుకుందాం. అప్పుడు మీ ముందు మూడు దారులు ఉంటాయి. గొట్టంలో తగినంత ఉక్కు మిగిలి ఉంటే, దాన్ని విప్పి వెనుక కొద్దిగా కోసి ఛాంబర్‌ను కొత్తగా తొలిచి మళ్లీ బిగించవచ్చు. హెడ్‌స్పేస్ సరిపోతుంది, అరిగిన ముందు భాగమూ చాలావరకు పోతుంది, ఒకే దెబ్బకు రెండు పిట్టలు. నాన్నగారి గొట్టం నాన్నగారి రైఫిల్ మీదే ఉంటుంది. మీ మనసు తెలిసినంతలో మీకు నచ్చేది ఇదే అనుకుంటాను. రెండోది కొత్త గొట్టం. ఖర్చు ఎక్కువ, గురి మాత్రం మొదటినాటికి, ఒక్కోసారి అంతకన్నా మెరుగ్గా వస్తుంది. మూడోది బోల్టు మార్చడం. ఇందులో చాలామంది బోల్తాపడతారు. ఎక్కడో పాత బోల్టు ఒకటి దొరుకుతుంది, నున్నగా దూరుతుంది, సరిపోయిందనుకుంటారు. మూసిన బోల్టును పట్టి ఉంచే చెవులు రెండూ సమంగా ఆనాలి, లేకపోతే భారమంతా ఒక చెవి మీదే పడుతుంది. బోల్టు మీద, అది ఇమిడే లోహపు ఒర అయిన రిసీవర్ మీద ఒకే నంబరు కొట్టేది ఆ రెండింటినీ కలిపి అమర్చినందుకే. పాత లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్‌కు ఈ కొలత సరిచేయడానికే 0 నుంచి 3 దాకా నంబర్లున్న బోల్టు తలలు వేర్వేరు పొడవుల్లో ఉండేవి. అందులో తల మారిస్తే పని అయిపోయేది. మీ దాంట్లో ఆ సౌకర్యం లేదు.

ఒకవేళ బోల్టు చెవులు ఆనే రిసీవర్ గోడలే అణిగిపోయి ఉంటే, ఏది మార్చినా కొద్దికాలానికి మళ్లీ అణుగుతుంది. అప్పుడు ఈ రైఫిల్‌కు విశ్రాంతి ఇవ్వడమే మిగులుతుంది. చట్టం వైపు కూడా చూసుకోండి. చాలా దేశాల్లో రిసీవర్‌నే తుపాకీగా లెక్కిస్తారు, కొన్నిచోట్ల గొట్టం, బోల్టు కూడా లైసెన్సు పరిధిలోకి వస్తాయి. విప్పిన పాత గొట్టాన్ని జ్ఞాపకంగా అటక మీద పెట్టుకోవడానికీ అనుమతి కావలసి రావచ్చు. కొన్ని దేశాల్లో గొట్టం మార్చాక అధిక పీడనపు తూటాతో అధికారికంగా పరీక్షించి ముద్ర వేయించాలి. పని మొదలుకాకముందే లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలో అడగండి.

అన్నయ్యగారి మాట కొట్టిపారేసేది కాదు. కానీ "ఏమీ మార్చవద్దు", "కాల్చాలి" అనే రెండు కోరికలూ ఒక రైఫిల్‌లో ఇమడవు. ఆయన ఏది కోరుతున్నారో ఆయననే అడగండి. గోడ మీద ఉండాలనేదే ఆయన కోరికైతే, అది నిజంగా ఒక దారే. కాల్చకుండా భద్రంగా ఉంచి, మీ సాధనకు మరొకటి కొనుక్కోవచ్చు. లైసెన్సు బాధ్యత అప్పుడూ తప్పదు. దాన్ని తప్పించుకోవడానికి పనిచేయకుండా వెల్డింగ్ చేయిస్తే మళ్లీ వెనక్కి రాదు, మీ పిల్లలు అడిగినా రాదు. అమ్మడం గురించి మీరు ఊసెత్తలేదు, నేనూ పొడిగించను. ఎప్పుడైనా అమ్మితే ఆ గీత సంగతి కొనేవాడికి ముందే చెప్పి అమ్మండి.

"నాన్న రైఫిలేనా?" అన్నదానికి జవాబు మీ ఉత్తరంలోనే దొరికింది. శుభ్రం చేసే సామాను డబ్బాలో అరిగిన ఎక్స్‌ట్రాక్టర్, సాగిపోయిన స్ప్రింగు ఒకటి కాగితంలో చుట్టి కనిపించాయని రాశారు. అవి ఈ రైఫిల్‌వే అయితే నాన్నగారూ అరిగినవి మార్చారన్నమాట. అన్నయ్యకు ఆ డబ్బా చూపించండి. నా మటుకు నేను స్టాక్ మాత్రం మార్చవద్దంటాను. పట్టు దగ్గర గీతల చెక్కడం నాన్నగారి అరచేతికి అరిగి నునుపెక్కిందని మీరే రాశారు, అది మరెక్కడా దొరకదు. పగులును బాగుచేయడం సాధ్యమే. నూనె పీల్చిన చెక్కకు జిగురు పట్టదు గనుక ముందు ఆ నూనె లాగేయాలి, ఎపాక్సీ అనే గట్టి జిగురు నింపి లోపల సన్నటి పిన్ను వేయాలి, తోక వెనుక కాస్త ఖాళీ తీయాలి, రీకాయిల్ లగ్ దగ్గర కూడా ఎపాక్సీతో గట్టి ఆసరా కట్టాలి. పగులొక్కటే అతికి మిగతావి వదిలేస్తే అక్కడే మళ్లీ చీలుతుంది. సానపట్టి కొత్తగా పాలిష్ చేస్తామంటే ఒప్పుకోకండి.

ఈసారి రైఫిల్‌ను వేరొక నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు, చివరిగా పేలిన తొడుగులు ఓ పది, తిరిగి నింపి ఇంకా కాల్చని తూటాలు కొన్ని, పాత ఫ్యాక్టరీ తొడుగులు దొరికితే అవీ వేరువేరు సంచుల్లో పేర్లు రాసి పట్టుకెళ్లండి. మొదట గేజ్ పెట్టి కొలత కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితం మీ చేతికి వచ్చేదాకా ఏ భాగానికీ బయానా ఇవ్వకండి.